ఎల్లాజీ విప్పనివ్వని ముడి

విశాఖపట్నం చేపల రేవు పక్కన ఒక పేటలో ఎల్లాజీ అనే పాత బాక్సరు ఉండేవాడు. వయసు మీదపడి ఒంట్లో బలం తగ్గింది గానీ, అతని పంతం మాత్రం వీసమెత్తు తగ్గలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. పేకాటలో ఓడితే ముక్కలు సరిగా కలపలేదనేవాడు. బేరంలో ఓడితే ఆ చేపే మంచిది కాదనేవాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుండేది అతని వ్యవహారం. అతని భార్య నూకరత్నం, "మా మావ ఇంతవరకూ ఎక్కడా ఓడిపోలేదు. గెలిచినోళ్లదే తప్పు" అని ఇరుగుపొరుగుతో నవ్వుతూ చెప్పేది.

వయసులో ఉన్నప్పుడు ఎల్లాజీ 'సాగర వ్యాయామశాల'లో బాక్సింగు నేర్చుకున్నాడు. పేరు గొప్పదే గానీ అదొక రేకుల షెడ్డు. ఇసుక మీద చెక్కలు పరిచి, పైన తెరచాప గుడ్డ బిగిస్తే అదే రింగు. పగలంతా రేవులో బుట్టలు మోసినవాళ్లు, రైల్వే కళాసీలు, పోర్టు కూలీలు సాయంత్రానికి అక్కడ చేరేవారు. దాలినాయుడు మాస్టారు వాళ్లకు పైసా తీసుకోకుండా నేర్పేవారు. ఆదివారం పోటీ ఉందంటే చుట్టుపక్కల పేటలన్నీ అక్కడే ఉండేవి. ఆడవాళ్లు కూడా చంకన పిల్లల్ని వేసుకుని వచ్చి, "ఎడం చెయ్యి ఎత్తి పెట్టుకోరా" అని సలహాలిచ్చేవారు.

మాస్టారు అక్కడ ఒక పద్ధతి పెట్టారు. బాక్సింగు గ్లౌజులు రెండు చేతులకూ తొడిగాక వాటి లేసులు ఎవరికి వారు కట్టుకోలేరు, విప్పుకోలేరు. "కట్టేది మనోడు, విప్పేది ఎదుటోడు" అనేవారు మాస్టారు. పోటీ అవగానే గెలిచినవాడి గ్లౌజులు ఆయన తీసేవారు. అప్పుడు గెలిచినవాడు ఓడినవాడి ఎదురుగా కూర్చుని, అతని ముడి తన చేత్తో విప్పాలి. విప్పుతూ, "ఎక్కడ తగిలింది?" అని అడగాలి. ఓడినవాడు చెప్పాలి. తర్వాత గెలిచినవాడు కూడా తనకు ఎక్కడెక్కడ తగిలిందో దాచకుండా చెప్పాలి. ఆ ముడి వీడేదాకా పోటీ ముగిసినట్టు కాదు. ముక్కులు పగలగొట్టుకున్నవాళ్లు కూడా ఆ రెండు నిమిషాల్లో నవ్వుకుని, భుజాల మీద చేతులు వేసుకుని టీ కొట్టుకి వెళ్లిపోయేవారు.

ఎల్లాజీకి అక్కడ ప్రాణస్నేహితుడు జ్ఞానాపురం నుంచి వచ్చే రైల్వే కళాసీ సన్యాసి. ఇద్దరూ ఒకే కంచంలో తిని ఒకే మంచంలో పడుకున్నవాళ్లు. ఒక ఏడు హార్బరు కప్పు ఫైనల్లో ఈ ఇద్దరే ఎదురుపడ్డారు. ఆఖరి రౌండులో ఎల్లాజీ కుడిచేతి దెబ్బ వేశాడు, సన్యాసి కింద పడ్డాడు. కానీ ఆ రోజు సముద్రం మీంచి మంచు కురిసి గుడ్డంతా తడిగా ఉంది. రిఫరీ, "దెబ్బ తగల్లేదు, కాలు జారింది" అని, పడ్డవాడికి పెట్టాల్సిన పది అంకెల లెక్క పెట్టలేదు. చివరికి పాయింట్ల మీద సన్యాసి గెలిచాడు.

పద్ధతి ప్రకారం సన్యాసి వచ్చి ఎదురుగా కూర్చుని చెయ్యి చాచాడు. ఎల్లాజీ చెయ్యి ఇవ్వలేదు. అతని బుర్రలో అప్పుడొక తిక్క ఆలోచన పుట్టింది. ముడి విప్పకపోతే పోటీ ముగియనట్టే కదా, ముగియకపోతే తాను ఓడనట్టే కదా అనుకున్నాడు. రింగు దిగి, చేపలు కోసే కత్తి ఇమ్మని ఒకామెను అడిగి, ముడి ముట్టుకోకుండా దాని కింద లేసులు కోయించుకుని చేతులు లాక్కున్నాడు. ముడులు ముడుల్లాగే ఉండిపోయాయి. ఆ గ్లౌజులు చంకన పెట్టుకుని ఇంటికి పోయాడు.

అంతే. ఆ తర్వాత నలభై ఏళ్లు ఆ ఇద్దరి మధ్య మాట లేదు. సన్యాసి ఎదురొస్తే ఎల్లాజీ రోడ్డు దాటేవాడు. దాలినాయుడు మాస్టారు పోయినప్పుడు కూడా ఇద్దరూ చెరో పక్క నిలబడి ఏడ్చారు. వలలు అల్లే ఇంట పుట్టిన ఎల్లాజీకి విప్పలేని ముడి లేదు. ఆ గ్లౌజుల ముడులు మాత్రం ముట్టేవాడు కాడు, ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాడు. "ఆ పోటీ ఇంకా అవ్వలేదు" అనేవాడు. మనిషికి ఇంత మొండితనం అవసరమా అంటే, అవసరం లేదనే చెప్పాలి. కానీ అవసరమైనవే చేసుకుంటూ పోతే మనుషులకు ఇన్ని కథలెందుకుంటాయి?

ఇలా ఉండగా ఒకరోజు ఖాదర్‌వలీ వచ్చాడు. అతనూ ఆ వ్యాయామశాల బాక్సరే, పోర్టులో పనిచేసి రిటైరయ్యాడు.

"ఎల్లాజీ భాయ్, వచ్చే ఆదివారం మన షెడ్డులో పాతవాళ్లమంతా కలుస్తున్నాం. ఇంటిల్లిపాదీ రావాలి. ఆ రోజుల గుర్తు ఏదైనా వెంట తేవాలి."

"సన్నాసి వత్తాడా?" అన్నాడు ఎల్లాజీ.

"వస్తాడు. ఈ మధ్య వొంట్లో బాగోట్లేదు గానీ వాళ్లమ్మాయి తీసుకొస్తానంది."

ఎల్లాజీ కళ్లు మెరిశాయి. ఖాదర్ వెళ్లిపోగానే అటక మీంచి గ్లౌజులు దించి దులిపాడు. "అందరి ముందూ, ఆళ్ల కూతురు ముందూ, ఆడి నోటితోనే సెప్పిత్తాను. జారి పడ్డాడో, నా దెబ్బకి పడ్డాడో తేలిపోవాల" అన్నాడు.

నూకరత్నం పని ఆపి మొగుడి వంక చూసింది. "మావా, ఆడికి ఒంట్లో బాగోలేదంట. నలుగురిలో నిలదీత్తే, ఆడు మళ్లీ నీ మొకం సూడడు. అది సూసుకో" అంది.

ఎల్లాజీ గ్లౌజుల్ని సంచిలో పెట్టాడు. మాట నిజమేనని అతనికీ తెలుసు. కానీ పంతం ముందు నిజం ఏపాటిది?

ఆదివారం సాయంత్రం షెడ్డు కళకళలాడిపోయింది. ఒకప్పుడు ఈటెల్లా ఉన్నవాళ్లు బానపొట్టలతో వచ్చారు. ఒకాయన పళ్లసెట్టు తీసి చూపించి, "ఇదిగో, నా గుర్తు ఇదే. ముందు పన్ను ఊడగొట్టింది ఖాదరే" అన్నాడు. ఎవరికి వారు తమ దెబ్బల గురించి గొప్పలు చెప్పుకుంటుంటే, భార్యలు పక్కనుంచి, "ఆ రోజు ఇంటికొచ్చి మూలిగిన సంగతి కూడా చెప్పండి" అని గాలి తీసేస్తున్నారు. ఎల్లాజీకి అవేమీ చెవికెక్కలేదు. గ్లౌజుల సంచి ఒళ్లో పెట్టుకుని గుమ్మం వైపే చూస్తున్నాడు.

సన్యాసి తన కూతురు భారతి చెయ్యి పట్టుకుని మెల్లగా వచ్చాడు. మనిషి సగమయ్యాడు. చేతులు రెండూ ఆగకుండా వణుకుతున్నాయి. ఎవరో టీ ఇస్తే భారతే గ్లాసు పట్టుకుని తాగించింది. అతని గుర్తుగా ఆమె హార్బరు కప్పు తెచ్చి బల్ల మీద పెట్టింది.

ఆ వణికే చేతుల్ని చూసి ఎల్లాజీ ఒళ్లో సంచి తీసి పక్కన పెట్టాడు. వద్దులే అనుకున్నాడు. అంతలో బల్ల మీద కప్పు కనపడింది. ఇంకేముంది, పాత మంట భగ్గుమంది. ఖాదర్ మైకు ఇవ్వగానే లేచి నిలబడ్డాడు.

"సన్నాసీ, ఒక్క మాట అడుగుతాను. ఆ ఫైనల్లో నువ్వు జారి పడ్డావా, నా దెబ్బకి పడ్డావా? నీ కూతురి ముందు సెప్పు."

అందరూ సన్యాసి వైపు తిరిగారు. నూకరత్నం తల దించుకుంది. సన్యాసి భారతి భుజం పట్టుకుని లేచాడు.

"జార్లేదు. నీ దెబ్బకే పడ్డాను. దవడ కింద తగిలింది. ఒక్క నిమిషం నాకు ఆకాశం ఎటుందో తెలవనేదు" అన్నాడు.

నలభై ఏళ్లుగా ఎదురు చూసిన మాట. అది వినగానే ఎగిరి గంతేస్తానని ఎల్లాజీ ఎన్నిసార్లు ఊహించుకున్నాడో. ఇప్పుడు గంతెయ్యడానికి కాళ్లు రాలేదు. "మరి ఆరోజే ఏల సెప్పలేదురా?" అన్నాడు.

"సెప్దామనే కదరా నీ ముందు కూకున్నాను. ఎక్కడ తగిలిందని అడిగాక, నాకెక్కడ తగిలిందో నేనూ సెప్పాల కదా. సెప్తే మాస్టారు అప్పుడే రిఫరీని పిలిసేవోరు. నువ్వు సెయ్యే ఇవ్వలేదు. మర్నాడు పొద్దున్న మీ ఇంటికి కూడా వొచ్చాను. ఇంట్లో లేవన్నారు. తలుపు ఏసీసారు. నాకూ రోసం వొచ్చింది. పోతే పోనీ, కప్పు నాదే అనుకున్నాను. అది నా తప్పే."

ఎల్లాజీ భార్య వంక తిరిగాడు. "ఆడు ఇంటికొచ్చాడా?"

"కొత్తకోడల్ని, అప్పుడు ఆ మనిషెవరో నాకేటి తెలుసు?" అంది నూకరత్నం. "ఎవరొచ్చినా లేనని సెప్పమని, ఆ తలుపు ఎనకాల నిలబడింది నువ్వే కదా మావా. ఆ మనిషి మన అరుగు మీద సాలా సేపు కూకుని ఎల్లాడు."

ఎల్లాజీకి అంతా గుర్తొచ్చింది. ఎవరో తలుపు కొట్టడం, ఊపిరి బిగబట్టుకుని తాను నిలబడటం, ఆ తర్వాత మెల్లగా దూరమైన అడుగుల చప్పుడు. ఆ అడుగులు ఎవరివో తనకు అప్పుడే తెలుసు. ఏ మాట కోసం ఇన్నేళ్లు రగిలిపోయాడో ఆ మాట ఆరోజే అతని గుమ్మం దాకా వచ్చి, తలుపు తీయక వెనక్కి పోయింది. ఎల్లాజీకి సిగ్గేసింది, దుఃఖమూ ముంచుకొచ్చింది.

"నాన్నా, ఆ కప్పు ఆయనదే కదా, ఇచ్చేద్దాం" అంది భారతి. బల్ల మీంచి తీసి ఎల్లాజీకి అందిస్తూ, "ఏమనుకోకు బాబాయ్, ఇన్నాళ్లూ అమ్మ దీంట్లో చింతపండు పెట్టింది" అని సంజాయిషీ చెప్పింది.

షెడ్డులో అందరూ గొల్లున నవ్వారు. ఎల్లాజీ కూడా నవ్వబోయాడు గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. "మీ యమ్మనే ఉంచుకోమను తల్లీ. సింతపండు పదిలంగా ఉంటాది" అన్నాడు. తర్వాత సంచిలోంచి గ్లౌజులు తీశాడు. కుడి గ్లౌజు చేతికి తొడుక్కుని, వెళ్లి సన్యాసి ఎదురుగా కింద కూర్చున్నాడు. ముడి ఉన్న చెయ్యి అతని ఒళ్లో పెట్టాడు.

సన్యాసి ఆ చేతిని చూసి, "నా సేతులు ఒణుకుతున్నాయిరా" అన్నాడు.

"ఒణకనీ. నాకేటి తొందర?"

చెమటకీ ఉప్పు గాలికీ ఆ ముడి ఎండి రాయిలా బిగిసిపోయింది. సన్యాసి వేళ్లు దాని మీద నిలవడం లేదు. భారతి సాయం చెయ్యబోతే ఖాదర్ ఆపాడు. "వద్దమ్మా. కట్టేది మనోడు, విప్పేది ఎదుటోడు. మాస్టారి మాట." నూకరత్నం పక్కనున్న టీ కొట్టుకి వెళ్లి కాస్త కొబ్బరినూనె తెచ్చి ముడి మీద రాసింది. అందరూ చూస్తుండగా సన్యాసి దాన్ని పట్టుకున్నాడు, జారవిడిచాడు, మళ్లీ పట్టుకున్నాడు. ఎల్లాజీ జన్మలో ఎప్పుడూ అంత ఓపికగా కూర్చోలేదు.

ముడి కాస్త కదిలింది. అప్పుడు సన్యాసి తల ఎత్తకుండానే అడిగాడు.

"ఎక్కడ తగిలిందిరా?"

నిజం చెప్పాలి. అది పద్ధతి.

"రింగులో ఎక్కడా తగల్లేదురా" అన్నాడు ఎల్లాజీ. "మా అరుగు మీంచి లేసి నువ్వు ఎల్లిపోయావు సూడు, ఆ సప్పుడు ఇన్నాను. అక్కడ తగిలింది."

సన్యాసి లేసు చివర లాగాడు. ముడి వీడిపోయింది. ఖాదర్ మైకులో, "హార్బరు కప్పు ఫైనల్ ఇప్పటికి ముగిసింది" అని ప్రకటించాడు. ఎవరు గెలిచారని ఎవరూ అడగలేదు. ఇద్దరు ముసలివాళ్లు భుజాల మీద చేతులు వేసుకుని టీ కొట్టుకి వెళ్లారు. ఈసారి సన్యాసి గ్లాసు ఎల్లాజీ పట్టుకున్నాడు.

అప్పటినుంచి ఎల్లాజీ రోజూ జ్ఞానాపురం వెళ్లి సన్యాసి చేత చేతుల వ్యాయామం చేయించేవాడు. ఇద్దరూ పేక కూడా ఆడుకునేవాళ్లు. ఓడితే ముక్కలు సరిగా కలపలేదని అప్పటికీ అనేవాడు, పుట్టుకతో వచ్చిన బుద్ధి మరి. కానీ అన్నాక తనే నవ్వేసేవాడు. ఆ షెడ్డులో ఇప్పుడు నేర్చుకునే ఆడపిల్లల, మగపిల్లల గ్లౌజులకు లేసులు లేవు, ఊరికే అంటుకునే పట్టీలు. ఎవరిది వాళ్లే నోటితో లాగేసుకోవచ్చు. అయినా పోటీ అవగానే ఎదురెదురుగా కూర్చుని, ఒకరి పట్టీ ఒకరు ఊడదీస్తూ, "ఎక్కడ తగిలింది?" అని అడుగుతున్నారు. పక్కన బల్ల మీద కూర్చున్న ఇద్దరు ముసలివాళ్లు, వాళ్లు నిజం చెబుతున్నారో లేదో చెవులొగ్గి వింటుంటారు.

పంతంతో బిగించుకున్న ముడిని ఎవరికి వారు విప్పుకోలేరు. ఎదుటివాడికి చెయ్యి చాచినప్పుడే అది వీడుతుంది.