సత్తెమ్మ వెతికిన బల్ల

అనగనగా దొరల పటాలం ఉండే లష్కరు శివార్లలో ఒక పేట. ఆ పేటలో ఇంగ్లీషు దొరలు కట్టుకున్న పాత ఆంగ్లికన్ చర్చి. రాతి గోడలు, ఇంత ఎత్తు గంట గోపురం, లోపల రెండు వరసల టేకు బల్లలు. దుప్పటి తన్నకు. తన్నావంటే కథ ఆపేస్తాను.

ఆ దొరలు ప్రార్థనకి కూడా తుపాకులతోనే వచ్చేవాళ్ళట. అవి ఆనించుకోవడానికి ప్రతి బల్ల వీపుకీ గంట్లు పెట్టించుకున్నారు. దేవుడి దగ్గరికి తుపాకీ ఎందుకని నన్నడక్కు, వాళ్ళనడుగు.

ఆ బల్లలు బాగుచేసేవాడు వీరాచారి అనే వడ్రంగి. ఆయనకి ఒక్కతే కూతురు, సత్తెమ్మ. రోజూ మధ్యాహ్నం నాయనకి సద్దిగిన్నె తెచ్చేది. ఆ పిల్లని మెట్లెక్కనిచ్చేవాళ్ళు కాదు. మెట్ల పక్కన మట్టిలోనే గుంటలు తీసి, చింతగింజలతో వామనగుంటలు ఆడుకునేది.

"నాయినా, లోపల నాకు జాగ లేదా?" అని అడిగింది ఒకనాడు.

అప్పుడు వీరాచారి ఏం చేశాడూ? ఒక బల్లకి కొత్త చెక్క వేస్తూ, దాని అడుగున ఉలితో పద్నాలుగు గుంటలు తొలిచాడు. ఇటు ఏడు, అటు ఏడు. "పైన దొర కూసుంటడు బిడ్డా, కింద నీ గుంటలుంటయి. గా బల్ల నీది," అన్నాడు.

ఆ పిల్ల ఆ బల్లని చూడనే లేదు. దొరలు వెళ్ళిపోయారు. వీరాచారీ పోయాడు. సత్తెమ్మ పెళ్ళి చేసుకుని దూరదేశం కాపురానికి వెళ్ళి, జుట్టు నెరిసి, మోకాళ్ళు అరిగి, మళ్ళీ ఆ పేటకే వచ్చింది.

వచ్చేసరికి ఒక కబురు. చర్చిలో విరిగిపోయిన సామానంతా శనివారం కట్టెల అడితికి పంపేస్తున్నారట. నాయన చేసిన బల్లని ఒక్కసారైనా చూడకుండా పొయ్యిలో పెట్టేస్తారా అని సత్తెమ్మ గొడుగు పట్టుకుని బయల్దేరింది.

గురువారం వెళ్ళింది. తలుపుకి తాళం. గేటు దగ్గర వాచ్‌మన్ ఏలియా ఉన్నాడు.

"తాళంచెవి పాస్టరు అయ్యగారి తాన ఉన్నది. ఆయన ఊరికి పోయిండు. కూసో అమ్మా, వస్తడేమో," అన్నాడు.

గేటు పక్కన వీపు ఊడిపోయిన బల్ల ఒకటుంది. ఏలియా దానిమీద టీ గ్లాసులు పెట్టుకుంటాడు. సత్తెమ్మ గ్లాసులు పక్కకి జరిపి కూర్చుంది. పొద్దుగూకే దాకా కూర్చుంది. అయ్యగారు రాలేదు. ఊరికి పోయినవాడు ఎప్పుడొస్తాడో ఆ ఏలియాకి తెలియదా? తెలుసు! రేపొస్తాడని తెలుసు. అడగలేదుగా అన్నాడు, పైగా.

మర్నాడు శుక్రవారం మళ్ళీ వెళ్ళింది. తలుపు తీసే ఉంది. లోపల ఒక కొత్త జంట ఫోటోలు దిగుతోంది. పెళ్ళి ఇంకెక్కడో, ఫోటోలు మాత్రం ఇక్కడ.

"ఆంటీ, జర పక్కకు జరుగుండ్రి," అన్నాడు కెమెరా అబ్బాయి. జరిగింది. "ఇంక జర." జరిగింది. జరిగి జరిగి గేటు దగ్గరికొచ్చి మళ్ళీ ఆ వీపు లేని బల్లమీదే పడింది. ఆ పెళ్ళికూతురు నాలుగు గౌన్లు మార్చింది. నాలుగు! ఆ ఫోటోలు అయ్యేసరికి చీకటిపడి, తలుపుకి మళ్ళీ తాళం పడింది.

శనివారం పొద్దున్నే వెళ్ళింది. ఆ రోజు చర్చి చూడ్డానికి ఒక గుంపొచ్చింది, వాళ్ళకి చూపించడానికి ఒక గైడూ వచ్చాడు. గోడమీద ప్రతి ఇత్తడి రేకు దగ్గరా ఆగి, ఈయన కర్నలు, ఈయన మేజరు అని చదువుతున్నాడు. ఒక దొరగారి గుర్రం పేరు కూడా చదివాడు. బల్లలు చేసినవాడి పేరు ఒక్క రేకుమీదా లేదు.

సత్తెమ్మ గొడుగుని బల్ల గంటులో గుచ్చి, నేలమీద మోకాళ్ళూనింది.

"అమ్మా, అది తుపాకీ పెట్టేది!" అని అరిచాడు గైడు.

"తుపాకీ ఉంటె అదే తెద్దును. గొడుగే ఉన్నది," అంది సత్తెమ్మ.

మొత్తం ఇరవైనాలుగు బల్లలు. ఒక్కోదాని కిందా దూరింది, తడిమింది. బూజు అంటింది తప్ప ఒక్క గుంట తగల్లేదు.

అప్పుడు బయటికొచ్చి, గేటు పక్క బల్లమీద కూలబడింది. మా నాయిన నన్ను మురిపించడానికి అబద్ధం చెప్పిండా అనుకుంది. అనుకోగానే ఏడుపు తన్నుకొచ్చింది. ఇన్నేళ్ళూ ఆ మాట పట్టుకునే బతికింది పాపం.

ఇంతలో అడితి బండి వచ్చింది.

"లే అమ్మా, గా బల్ల ఎక్కియ్యాలె," అన్నాడు ఏలియా.

సత్తెమ్మ లేవబోయి, బల్ల అంచు కింద చెయ్యి వేసి పట్టుకుంది. వేలు ఒక గుంటలో పడింది. పక్కవేలు ఇంకో గుంటలో. తడుముకుంటూ లెక్కపెట్టింది. ఇటు ఏడు. అటు ఏడు.

"ఓరి ఏలియా! మూడు దినాల సంది దీనిమీదనే కూసొని దీన్నే దేవులాడుతున్న గదరా! నేను లేవ!" అంది.

బండివాడు బతిమాలాడు, లేవలేదు. గైడు చెప్పాడు, లేవలేదు. ఆఖరికి అయ్యగారే వచ్చారు.

"వీపు లేని బల్ల లోపలెందుకమ్మా?"

"నాకు వీపు ఆనేది వద్దు. మా నాయిన నాకు లోపల జాగ పెట్టిండు. లోపటికి మొయ్యుండ్రి!"

అయ్యగారు వంగి బల్లకింద చూశారు. తనే ఒక కొస పట్టారు. ఏలియా రెండో కొస పట్టాడు. చర్చి మధ్యలో బోర్లించారు. సత్తెమ్మ మెట్లెక్కి లోపలికెళ్ళి, బల్ల పక్కన చతికిలబడి, కొంగుముడి విప్పి చింతగింజలు తీసింది. ఒక్కో గుంటలో నాలుగేసి పోసింది.

గైడు గుంపుని వెంటేసుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఇది ఏ కర్నలుదమ్మా?"

"నాది," అంది సత్తెమ్మ. "కూసో, ఆడుదాం."

ఇంకా కళ్ళు తెరిచే ఉన్నావా? నీతో వేగలేను. మూసుకో.

కథేమో కంచికి,
బల్లేమో గుడికి,
గింజేమో గుంటకి,
నువ్వేమో నిద్రకి!