లచ్చవ్వకు సీరియల్ చెప్పిన ఆగయ్య

చిన్న కథే. చాయ్ చల్లారేలోపు అయిపోతుంది.

కట్కూరి ఆగయ్యకు గురూపదేశం కావాలి. గురువు అనంతమ్మ ఇవ్వడం లేదు. ఇంతే సంగతి. అయితే ఆగయ్య సంగతి చెప్పాలంటే ముందు ఆయన టీవీ సంగతి చెప్పాలి. ఆ ఇంట్లో పెత్తనం దానిది.

సొసైటీ బ్యాంకులో గుమాస్తాగా చేసి దిగిపోయిన నాటి నుంచి ఆగయ్య పొద్దంతా టీవీ ముందే. సినిమా వచ్చినా చూస్తాడు, సీరియల్ వచ్చినా చూస్తాడు, వంటల పోటీ వచ్చినా వదలడు. చూసి ఊరుకుంటే పుణ్యముండేది. ప్రతిదానికీ తీర్పు చెబుతాడు. "ఇంటర్వెల్ దాకా నడిచింది, తర్వాత డైరెక్టర్ పండుకున్నడు." "ఆ పోలీసు సినిమాల దొంగ ఎవడో పేర్లు పడ్డప్పుడే చెప్పిన." "నిన్నటి ఎపిసోడ్‌ల అత్త మంచిగ చేసింది గని చీర నప్పలే." ఒకసారి వంటల పోటీలో గెలిచిన పిల్లను ఇంట్లో కూర్చునే ఓడించాడు, పప్పులో ఉప్పు తక్కువని. భార్య సుగుణమ్మ ఆ టీవీని తుడవడమే తప్ప చూసి ఎరగదు. ఆమెకు ఆ అవసరమూ లేదు. సినిమా సగం కాకముందే దాని జాతకం వంటింట్లోకి వినపడుతుంది.

ఊళ్లో చాయ్ హోటల్ దగ్గరి జనానికి ఇది బాగానే అచ్చొచ్చింది. ఆగయ్య బాగుందన్నవి మానేసి, బాలేదన్నవి చూసి సుఖంగా ఉన్నారు.

ఇక ఉపదేశం. అనంతమ్మ అచల గురువు, సంసారంలో ఉంటూనే తత్వం బోధించే తోవ. కాషాయం కట్టదు, కొండలకు పోదు. కొడుకూ కోడలూ ఉన్న ఇంట్లోనే ఉంటుంది. అమావాస్య నాడు ఆమె వాకిట్లో శిష్యులు తత్వాలు పాడతారు. ఎవరైనా పక్వానికి వచ్చారనుకున్న నాడు పక్కన కూర్చోబెట్టుకుని చెవిలో ఒక మాట చెబుతుంది. ఆ మాట కోసం ఆగయ్య ఎన్నాళ్లుగానో తిరుగుతున్నాడు. ఆయన తర్వాత వచ్చినవాళ్లకు అందింది. ఆఖరికి, తత్వాలు పాడుతుంటే గోడకానుకుని గురకపెట్టే బామ్మర్ది ఐలయ్యకూ అందింది.

పెండ్లి బంతిలో తనకన్నా ముందు బామ్మర్దికి విస్తరి వేస్తేనే ఓర్చుకోని మనిషి ఆగయ్య. ఆయనకు ఇదెంత దెబ్బో ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. ఐలయ్యనడిగితే ఇంకాస్త ఎక్కువే చెబుతాడు. ఆ వారమంతా ఆగయ్యకు అన్నం సయించలేదు. టీవీ మాత్రం సయించింది.

ఒక సాయంత్రం తేల్చుకుందామని వెళ్లాడు. అనంతమ్మ అరుగు మీద చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"అమ్మా, నాల ఏం తక్కువుంది?"

"కూసో."

కూర్చున్నాడు. కూర్చుని ఊరుకోలేదు. "మొన్నటి అమాస పాటలు పర్వాలేదమ్మా. రెండో తత్వం జర సాగదీసిన్రు. డోలక్ ఐతే..."

"ఆగయ్యా," అంది అనంతమ్మ. "మా కోడలు తల్లిగారింటికి పోయింది. లచ్చవ్వకు సీరియల్ చెప్పేటోళ్లు లేరు. లోపలికి పోయి జర చెప్పు."

లచ్చవ్వ అనంతమ్మ చెల్లెలు. చూపు పోయి చాలాకాలమైంది. టీవీలో మాటలు వింటుంది. మాటలు లేని చోట ఏం జరుగుతోందో పక్కన ఎవరో ఒకరు చెప్పాలి. రోజూ కోడలు చెప్పేది. ఆగయ్యకు లోలోపల సంతోషమే అయింది. పరీక్ష పెడితే పెట్టింది, తనకు వచ్చిన విద్యలోనే పెట్టింది.

టీవీలో ఎవరో వెక్కివెక్కి ఏడుస్తున్నారు.

"ఎవలు బిడ్డా?" అంది లచ్చవ్వ.

"పెద్ద కోడలు. ఓవరాక్షన్ అవ్వా."

"ఎవల దిక్కు చూసి ఏడుస్తుంది?"

"కండ్లల్ల గ్లిజరిన్ పోసుకున్నది. ఒక్క బొట్టు నిజం లేదు."

"పోసుకోనియ్యి. ఎవల దిక్కు చూస్తుంది?"

ఆగయ్య తెర వైపు తిరిగాడు. అప్పటికి సబ్బు ప్రకటన వచ్చింది.

"నీకు కండ్లున్నయా బిడ్డా?" అంది లచ్చవ్వ. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టుంది.

బయటికొచ్చి, "ఆ సీరియల్‌ల పస లేదమ్మా," అన్నాడు ఆగయ్య.

"రేపు గూడ రా," అంది అనంతమ్మ.

రేపూ వచ్చాడు, ఎల్లుండీ వచ్చాడు. కోడలు తల్లిగారింటి నుంచి తిరిగొచ్చింది. అనంతమ్మ ఆమెకు వేరే పని చెప్పింది. ఆగయ్య ఒక తీర్పు చెప్పి ముగించేలోపు తెర మీద ఎవరో ఏదో చేసేసేవారు. లచ్చవ్వ సరిగ్గా దాన్నే అడిగేది. "తలుపు పెట్టిన సప్పుడైంది. లోపల్నుంచా, బయటనుంచా?" ఆగయ్యకు తెలిసేది కాదు. ఇంటికెళ్లి సుగుణమ్మను అడుగుదామంటే, ఆమెను ఏనాడూ టీవీ ముందు కూర్చోనిచ్చింది లేదాయె.

మెల్లగా ఆయన మాటలు పొట్టివయ్యాయి. "లేచింది." "గాజులు తీసింది." "మళ్ల తొడుక్కున్నది." హోటల్ దగ్గర ఎవరైనా రాత్రి సినిమా ఎట్లుందని అడిగితే, "మొదట వాన పడతది. ఒక ముసలాయన గొడుగు లేకుంట నిలబడతడు," అని చెప్పి చాయ్ తాగేవాడు. జనం ఇబ్బందిపడ్డారు. ఏది చూడాలో తేలక కొందరు అన్నీ చూడాల్సి వచ్చింది. ఐలయ్యయితే బావకు పానం బాగలేదని ఊరంతా చెప్పొచ్చాడు.

ఒక అమావాస్య నాడు, పాటలు మొదలుకాకముందే, అనంతమ్మ పళ్లెంలో పూలూ కొబ్బరికాయా పెట్టించింది. ఈసారి ఆగయ్యకే అని వాకిట్లో అందరికీ తెలిసిపోయింది. సుగుణమ్మ కొత్త పంచె పట్టుకుని నిలబడింది. ఐలయ్య మేలుకునే ఉన్నాడు.

ఆగయ్య లోపల లచ్చవ్వ దగ్గరున్నాడు. అనంతమ్మే వెళ్లి పక్కన కూర్చుంది. ఆయన చెవి దగ్గరికి వంగింది.

"ఆగయ్యా."

"ఒక్క నిమిషం అమ్మా," అన్నాడు ఆగయ్య తల తిప్పకుండా. లచ్చవ్వకు చెబుతున్నాడు. "పెద్ద కోడలు తిరిగొచ్చింది. గేటు ముందట చెప్పులిడిసింది. లోపలికి పోతలేదు. నిలబడ్డది."

"ఎందుకు బిడ్డా?"

"తెల్వది అవ్వా. చూస్తున్న."

అనంతమ్మ వంచిన నడుము నిటారు చేసుకుంది. తనూ కాసేపు చూసింది. ప్రకటనలు వచ్చాక లేచి బయటికొచ్చింది.

"అయిందా అమ్మా?" అని అడిగింది సుగుణమ్మ.

"అయింది." పళ్లెంలోంచి కొబ్బరికాయ తీసి కోడలి చేతిలో పెట్టింది అనంతమ్మ. "పచ్చడి చెయ్యి."

ఆ పూట భోజనాల్లో ఆగయ్య పచ్చడి రెండుసార్లు వేయించుకున్నాడు. ఎలా ఉందో చెప్పలేదు.