వ్యోమగామితో విందు

"పసిబిడ్డలకోసమని విందు పెట్టి, ఆ బిడ్డలకు పనికొచ్చే డబ్బును పూలకీ పలావుకీ తగలేస్తే, అది ధర్మమవుతుందా అయ్యవారూ?"

సత్యవేణి ఈ ప్రశ్న అడిగింది ఒక ఆదివారం పొద్దున, నెల్లూరు మూలాపేటలో పరాంకుశం అయ్యవారి ఇంటి వరండాలో. అయ్యవారు ఒకప్పుడు హైస్కూల్లో సైన్సు చెప్పినవారు. రిటైరయ్యాక ఆయన పాఠాలు మానేశారు గానీ పిల్లలు ఆయన్ని మానలేదు. తలలు నెరిసినవాళ్ళు, మనవళ్ళనెత్తినవాళ్ళు కూడా ఆదివారం వస్తే ఆయన చాప మీద కాసేపు కూర్చోకుండా ఉండలేరు. ఆయనకొక అలవాటు ఉంది. ఎవరేమడిగినా అవుననీ అనరు, కాదనీ అనరు. అడిగినవాళ్ళను ఎక్కడికో ఒకచోటికి పంపించి, చూసొచ్చి చెప్పమంటారు. చెప్పడం పూర్తయ్యేసరికి, చాలాసార్లు, అడిగినవాళ్ళకు తమ ప్రశ్న తమకే కొత్తగా కనబడుతుంది.

సత్యవేణి ఊళ్ళోని ధర్మాసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల వార్డుకు పెద్ద నర్సు. ఆ బిడ్డలను గాజుపెట్టెల్లో పడుకోబెట్టి, వెచ్చదనమూ గాలీ కొలిచి అందిస్తారు. పెట్టెలు తక్కువ, బిడ్డలు ఎక్కువ. అంతకు ముందువారమే పెట్టె ఖాళీ లేక ఒక ఆడబిడ్డను వ్యానులో మద్రాసుకు పంపించారు. సూళ్ళూరుపేట దాటకుండానే వ్యాను వెనక్కి తిరిగింది. తల్లి ఒళ్ళోని దుప్పటి విప్పి చూసింది సత్యవేణే. ఆనాటినుంచి ఆమెకు అన్నం సరిగ్గా సయించడం లేదు.

సరిగ్గా అప్పుడే ఆసుపత్రి కమిటీవాళ్ళు విరాళాలకోసం పెద్ద విందు తలపెట్టారు. అంతరిక్షంలో నెలల తరబడి ఉండి వచ్చిన ఊర్మిళా దేశ్‌పాండేని ముఖ్య అతిథిగా పిలిచారు. ఆవిడతో కలిసి భోంచెయ్యడానికి ఒక్కొక్కరు కట్టవలసిన సొమ్ము, వార్డులో ఆయాకు ఏడాదంతా ఇచ్చే జీతం కంటే ఎక్కువ. బెంగుళూరు నుంచి పూలు, హైదరాబాదు నుంచి వంటవాళ్ళు, వేదిక మీద థర్మోకోల్‌తో చేసిన రాకెట్టు.

"ఆ రాకెట్టు డబ్బుతో ఒక పెట్టెకు అడ్వాన్సు ఇవ్వొచ్చు అయ్యవారూ. ఇచ్చేవాళ్ళు ఊరికే ఇవ్వకూడదా? పక్కన వ్యోమగామి కూర్చుంటే గానీ చెయ్యి జేబులోకి పోదా?" అంది సత్యవేణి. గొంతులో కోపం కంటే దుఃఖమే ఎక్కువ వినిపించింది.

అయ్యవారు అడిగారు: "నిన్నూ రమ్మన్నారా అమ్మా?"

"వార్డు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నాకు పోబుద్ధి కావడం లేదు."

"పో. నాలుగు మాటలూ చెప్పేసి, ఎవరూ పలకరించని మనిషిని చూసుకుని ఆ పక్కన కూర్చో. కడుపునిండా తిను. తిన్నాక నీ ప్రశ్న నాకు మళ్ళీ చెప్పు" అన్నారు.

విందు రోజు మధ్యాహ్నం ఊర్మిళ ఆసుపత్రికి వచ్చింది. గేటు దగ్గర ఫోటోలు దిగి హోటలుకు వెళ్ళిపోవడమే కార్యక్రమం. ఆవిడ మాత్రం బిడ్డలను చూస్తానని పట్టుబట్టింది. పొట్టిగా, కాస్త ఒళ్ళున్న మనిషి. నడకలో ఇంకా ఒక జాగ్రత్త ఉంది, నేలను పూర్తిగా నమ్మనట్టు. సత్యవేణి చెప్పినట్టే చెప్పులు విడిచి, మోచేతులదాకా చేతులు కడుక్కుని లోపలికొచ్చి, ఒక గాజుపెట్టె ముందు నిలబడిపోయింది. లోపల జానెడు బిడ్డ. ముక్కుకు సన్నటి గొట్టం, కాలికి ఒక తీగె. పక్కన తెరమీద పచ్చగీత ఎగిసిపడుతోంది.

"ఈ గీతను రాత్రిళ్ళు ఎవరు చూస్తారు?" అని అడిగింది ఊర్మిళ.

"మేమేనమ్మా. వంతులేసుకుంటాం."

వెళ్ళేటప్పుడు ఆవిడ సత్యవేణి రెండు చేతులూ పట్టుకుని, వదలడం మర్చిపోయినట్టు కాసేపలాగే ఉండిపోయింది.

సాయంత్రం హోటల్లో సత్యవేణి తన నాలుగు మాటలూ చెప్పింది. చప్పట్లు కొట్టారు. దిగివచ్చి, అయ్యవారు చెప్పిన మనిషికోసం వెతికింది. ఎంతో దూరం వెతకనక్కర్లేకపోయింది. ఊర్మిళ కూర్చున్న బల్ల దగ్గరే, ఒక చివర, నేతచీర కట్టుకున్న ముసలావిడ తన ముందున్న చెంచాలకేసి బెరుకుగా చూస్తూ కూర్చుని ఉంది. పేరు కామాక్షమ్మ. ఆమె కొడుకు పెంచలరెడ్డికి సముద్రం ఒడ్డున రొయ్యల చెరువులున్నాయి. ఆ బల్ల మొత్తానికీ డబ్బు కట్టినవాడు అతనే. భార్య బంధువుల పెళ్ళికి పోవడంతో కుర్చీ ఖాళీగా కనబడకూడదని తల్లిని తీసుకొచ్చాడు. తీసుకొచ్చాడు గానీ, వచ్చిందగ్గరనుంచీ ఊర్మిళ పక్కన ఏ భంగిమలో ఫోటో బాగా వస్తుందనే ధ్యాసలోనే ఉన్నాడు.

"చేత్తోనే తినండమ్మా. నేనూ చేత్తోనే తింటాను" అంది సత్యవేణి పక్కన కూర్చుంటూ.

ముసలావిడ ముఖం విప్పారింది. "బతికించావు తల్లీ. ఇందాకట్నించి ఏది దేనికో తెలీక కూర్చోనుండాను" అని పలావు ముద్ద కలుపుకుంది.

అప్పుడు ఊర్మిళ మాట్లాడటానికి లేచింది. అందరూ రాకెట్టు గురించి, నక్షత్రాల గురించి చెబుతుందనుకున్నారు. ఆవిడ హైదరాబాదులో పెరిగిన మనిషి. తేలికైన తెలుగులో, మన ఇంటికొచ్చిన చుట్టం మాట్లాడినట్టు మాట్లాడింది.

"నేను చెప్పాలనుకుని వచ్చిన సంగతులు వేరే. మధ్యాహ్నం మీ ఊరి బిడ్డలను చూశాక అవి పక్కన పెట్టేశాను. నేనూ ఆకాశంలో అలాంటి పెట్టెలోనే బతికి వచ్చాను. మేం వదిలిన గాలే శుభ్రమై మళ్ళీ మాకొచ్చేది. మా చెమటే వడగట్టి మంచినీళ్ళుగా తాగేవాళ్ళం. అందులో కాస్త తేడా వస్తే, ఎంత చదివినా ఎంత కసరత్తు చేసినా నా చేతుల్లో ఏమీ లేదు. నేను నిద్రపోతుంటే కింద భూమ్మీద ఒకరు కూర్చుని మా గాలిని కనిపెట్టుకుని ఉండేవాళ్ళు. వాళ్ళెవరో నాకు తెలీదు. దిగివచ్చాక సన్మానాలన్నీ అయ్యాక వెతుక్కుంటూ పోయాను. పెద్దావిడ. అప్పటికే రిటైరై ఇంట్లో ఉన్నారు. ఏం చెప్పాలో తోచలేదు. 'నేను ఊపిరి పీలుస్తున్నానండీ' అని మాత్రం అనగలిగాను. ఆవిడ నవ్వి, 'తెలుసమ్మా, చూస్తూనే ఉన్నాను కదా' అన్నారు. నన్ను పొగిడినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఊపిరి చూసినవాళ్ళు ఆవిడలాంటివాళ్ళు. మీ ఆసుపత్రిలో అలాంటివాళ్ళను ఈరోజు మళ్ళీ చూశాను. అంతే."

ఆవిడ కూర్చుంది. చప్పట్లు మొదలయ్యాయి.

కామాక్షమ్మ చప్పట్లు కొట్టలేదు. ముద్ద చేతిలోనే పట్టుకుని సత్యవేణి వైపు తిరిగింది. "మావోడూ అట్టాంటోడే తల్లీ. ఏడో నెల్లోనే పడ్డాడు. పిల్లి కూనంత ఉన్నాడు. అప్పుడు మా ఊళ్ళో ఈ పెట్టెలేవీ? వెదురుబుట్టలో బూరుగు దూది పరిచి, సీసాల్లో వేణ్ణీళ్ళు పోసి చుట్టూతా పెట్టేవాళ్ళం. నాకా జొరం, లేవలేను. పక్కింట్లో మస్తాన్‌బీ అని ఉండేది, ఆ యమ్మే రాత్రిళ్ళు బుట్ట పక్కన కూర్చునింది. దూదివత్తి పాలల్లో ముంచి నోట్లో పిండేది. వీడి ముక్కు కింద వేలు పెట్టి, ఊపిరి ఆడతా ఉండాదా లేదా అని తెల్లార్లూ చూసేది. బతికితే నీ పేరు పెట్టుకుంటానని పెంచలకోన సామికి మొక్కుకున్నా. సామి పేరు పెట్టినాం. ఆ యమ్మ పేరే వీడికి చెప్పలా."

పెంచలరెడ్డి తల్లివైపు తిరిగి చూస్తున్నాడు. అతని ముందు కంచంలో పలావు వడ్డించింది వడ్డించినట్టే ఉంది.

"నాకెప్పుడూ చెప్పలేదే అమ్మా."

"నువ్వెప్పుడు కూర్చున్నావురా నా కాడ?" అంది కామాక్షమ్మ. నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట అన్నట్టే అంది.

"ఇప్పుడుండాదా ఆమె?"

"మొగుడు పోయినాక కోట ఊళ్ళో ఉన్న కూతురి కాడికి పోయిందన్నారు. ఉండాదో లేదో."

అతను లేచాడు. ఫోటోలు తీసేవాళ్ళు అప్పుడే ఆ బల్ల దగ్గరకు వస్తున్నారు. వాళ్ళను పక్కకు జరగమని, ఊర్మిళకు నమస్కారం పెట్టి, "సిస్టర్, మా అమ్మ భోజనం అయ్యాక కారులో ఎక్కించండి. డ్రైవరుంటాడు" అన్నాడు. ఫోను చెవికి పెట్టుకుని, కోటలో తెలిసినవాళ్ళెవరినో పేరు పెట్టి పిలుస్తూ బయటికి నడిచాడు. అతను ఒక్క మెతుకు ముట్టకపోవడం సత్యవేణి చూసింది.

మూడోనాడు మధ్యాహ్నం అతను వార్డుకు వచ్చాడు. అతని చెయ్యి పట్టుకుని ఒక ముసలమ్మ మెల్లగా నడిచి వస్తోంది. చూపు దాదాపు ఆనదు. వెనక కామాక్షమ్మ, కొంగుతో ముఖం తుడుచుకుంటూ.

"ఈమే మస్తాన్‌బీ" అన్నాడు పెంచలరెడ్డి.

కోటలో, కారులో ఏం జరిగిందో కామాక్షమ్మ తర్వాత సత్యవేణికి చెప్పింది. కూతురి ఇంటి గుమ్మంలో, తానెవరో అతను చెప్పగానే మస్తాన్‌బీ నమ్మలేదట. అంత పెద్ద మనిషిని వంగమని, మొహమంతా చేత్తో తడిమి, ముక్కు కింద వేలు పెట్టి చూసి, "ఆడతా ఉండాదిలే" అని నవ్విందట. దారిపొడుగునా అతను చిన్నపిల్లాడిలా ఏడుస్తూనే వచ్చాడట.

సత్యవేణి వాళ్ళను గాజుపెట్టె దగ్గరికి తీసుకెళ్ళింది. మస్తాన్‌బీ వేళ్ళు గాజు మీద ఆనించి, ఆ వెచ్చదనం చూసి, "మా సీసాలు చల్లారిపోయేవి తల్లీ. మళ్ళీ మళ్ళీ పోసుకోవాల్సొచ్చేది. ఇది మేలు. అల్లా చల్లగా చూడాల" అంది. తర్వాత చెవి రిక్కించి, "వీళ్ళమ్మలేరీ?" అని అడిగింది.

సత్యవేణి వాళ్ళను బయటి వరండాలోకి తీసుకెళ్ళింది. పల్లెలనుంచి వచ్చిన బాలింతలు అక్కడే నేలమీద పడుకుంటారు. పాలిచ్చే వేళకు లోపలికొస్తారు. నాలుగు రోజులకు ఒళ్ళు తట్టుకోలేక కొందరు ఇళ్ళకు వెళ్ళిపోతారు. వాళ్ళు వెళ్ళాక బిడ్డలు బరువు పెరగరు. ఇది వార్డులో అందరికీ తెలిసిన బాధే. దానికి ఏ విందులోనూ ఎవరూ విరాళం అడగలేదు.

పెంచలరెడ్డి ఆ బాలింతలను చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. ఆసుపత్రి వెనక వీధిలోనే అతనికి రెండంతస్తుల ఇల్లుంది. కింది భాగం బ్యాంకుకు అద్దెకిద్దామని ఖాళీ చేయించి ఉంచాడు. వారం తిరక్కుండా అక్కడ మంచాలు పడ్డాయి. వంట కామాక్షమ్మ చూసుకుంది. కోటకు తిరిగి పోతానన్న మస్తాన్‌బీని ఆమె పోనివ్వలేదు. బాలింతల మధ్య కూర్చుని, భయపడిన పిల్లకు ధైర్యం చెప్పడం ఆ ముసలమ్మ పనైంది. "ఇదుగో, పిల్లి కూనంత ఉన్నోడు ఎట్టయినాడో చూడండి" అని పెంచలరెడ్డిని పిలిచి చూపించేది. అతను సిగ్గుపడుతూ వచ్చి నిలబడేవాడు. చెరువుల దగ్గర అతని గొంతు విని హడలిపోయే మనుషులు అతన్ని అక్కడ చూస్తే గుర్తుపట్టి ఉండేవారు కాదు.

కొద్దికాలానికి విందు డబ్బుతో కొన్న గాజుపెట్టె వార్డుకు వచ్చింది. ఖర్చులు పోను మిగిలింది ఆ ఒక్కదానికే సరిపోయింది. అది వచ్చిన రోజునే అందులోకి ఒక బిడ్డ వచ్చింది. వాకాడు వైపునుంచి వచ్చిన పడవవాళ్ళ బిడ్డ. సత్యవేణి ఆ గాజు తలుపు మూసి, పచ్చగీత కుదురుకునేదాకా నిలబడింది. వ్యానులో తిరిగొచ్చిన బిడ్డ గుర్తొచ్చింది. కళ్ళు తుడుచుకుని, ఎవరికి చెప్పుకోవాలో తెలియని కృతజ్ఞతతో, ఊరికే ఆ పెట్టెకే చేతులు జోడించింది.

ఆ ఆదివారం ఆమె అయ్యవారి దగ్గరికి వెళ్ళి జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

"నీ ప్రశ్న ఏదమ్మా?" అన్నారు చివరికి.

సత్యవేణి తడబడింది. "ఉంది అయ్యవారూ. పూర్తిగా పోలేదు. ఆ పూలు అనవసరమే. ఆ రాకెట్టు అనవసరమే. అంతమంది అంత డబ్బు పోసి తిన్నారు, తిని వెళ్ళిపోయారు. ఆ ఒక్కడే కదా తినకుండా లేచిపోయింది?"

అయ్యవారు కళ్ళు తెరిచారు.

"మిగతావాళ్ళు బిల్లు మాత్రమే కట్టారమ్మా" అన్నారు. "భోంచేసింది అతనొక్కడే."