నక్క గుహ ముందు పిడుగు మేళం

ఎండలు ముదిరి ఏరు ఎండిపోతే ఎవరైనా ఏడుస్తారు. ఆ అడవిలో మాత్రం ఎగిరి గంతేసేవాళ్లు! ఏరు ఎండితేనే కదా ఇసుక తేలేది. ఇసుక తేలితేనే కదా పిడుగు మేళం పాడేది.

ఆ మేళంలో ఉన్నది ముగ్గురే. కోయిల పాడుతుంది. వడ్రంగిపిట్ట ఎండుమాను మీద దరువేస్తుంది. ఏనుగయ్య నోరు విప్పడు, కాలు తొక్కుతాడు, అంతే. ఆ కాలు పడిందా, ఏటికి అవతలి గట్టున పడుకున్నవాడి కడుపులో కూడా కదలాల్సిందే. పాట సాగినంతసేపూ పులి పక్కన జింక కూర్చున్నా భయం లేదు. ఇసుక మీద ఎవరూ ఎవరినీ ముట్టకూడదన్నది అడవి కట్టుబాటు. ఇసుక దాటితే మాత్రం ఎవరి అదృష్టం వాళ్లది.

కుందేలు బుల్లెమ్మకి ఆ మేళమంటే ప్రాణం. ఏం లాభం? పిడికెడు మనిషాయె! ఎంత ముందుగా వచ్చి కూర్చున్నా చివరికి కనిపించేది దున్నపోతుల పిరుదులే. "పాడేటప్పుడు కోయిల గొంతు బుడగలా ఉబ్బుతుందటమ్మా. ఒక్కసారి చూస్తే చాలు, ఈ జన్మకి ఇంకేం అడగను" అని కనిపించినవాళ్లందరితోనూ అనేది.

ఆ ఏడు కచేరీకి ముందు ఇసుక మీద పెద్ద వాదనే పడింది.

"ముళ్లపొదలో పదిమంది ముందు పాడేవాళ్లే, అప్పట్నుంచీ వింటున్నా నేను! అదీ పాటంటే. ఇప్పుడిది తిరనాళ్లయిపోయింది" అని ముళ్లపంది సింహాచలం మూతి విరిచాడు.

"నువ్వొక్కడివీ వింటే సరిపోతుందేంటి? మా మందకి మంద వినొద్దా? మేళం పెద్దదయ్యాక చోటూ పెద్దదే కావాలి" అని దున్న గంగులు గయ్యిమన్నాడు.

"వినడం వేరు, చూడడం వేరు బాబాయ్!" అంది బుల్లెమ్మ.

నక్క పరంధామయ్య అప్పుడు సన్నగా దగ్గాడు. "చిన్నపిల్ల అయినా ఎంత బాగా చెప్పింది! ఏటి ఒడ్డున నా గుహ ఉంది. మేళం గుమ్మంలో నిలబడుతుంది. చిన్నాచితకా వాళ్లంతా లోపల కూర్చోండి. కోయిల ఈకలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. పెద్దవాళ్లు బయట ఇసుక మీద నుంచి వింటారు."

బుల్లెమ్మకి ఆ రోజు మేత సయించలేదు, ఆనందం అలాంటిది. ఆగలేక మర్నాడే గుహ చూడ్డానికి పరిగెత్తింది. పరంధామయ్య ఎదురొచ్చి మరీ లోపలికి తీసుకెళ్లాడు. చీకటి. ఒకటే గుమ్మం. మూలల్లో ఆయన బావమరుదులు, తోడల్లుళ్లు బారులు తీరి కూర్చున్నారు.

"వీళ్లూ మేళానికేనా బాబాయ్?"

"అవును తల్లీ, అందరం అభిమానులమే!"

"మరి మీకు ఏది బాగా ఇష్టం?"

పరంధామయ్య కళ్లు అరమోడ్చాడు. "ఇంకేముంది, ఏనుగయ్య పాట! ఎంత తీయటి గొంతు!"

బుల్లెమ్మ గుండె గుభేలుమంది. ఏనుగయ్య ఎప్పుడు పాడాడు? ఇన్నేళ్లూ ఈయన ఇసుక మీద కూర్చుని దేని వంక చూసినట్టు? తన వంకే, తనలాంటి వాళ్ల వంకే! ఇది ఇసుక కాదు, గుహ. ఇక్కడ కట్టుబాటు లేదు. గుమ్మంలో ఏనుగు నిలబడితే పారిపోయే దారీ లేదు. కోయిలని చూసే ఆశ కూడా చేజారిపోయిందనుకుని ఏడుపొచ్చింది. అయినా పైకి నవ్వింది.

"బావుంది బాబాయ్. ఇంటివాళ్లు కదా, మీరే ముందుగా లోపలంతా సర్దుకు కూర్చోండి. మేళాన్ని వెంటబెట్టుకుని మేమంతా ఊరేగింపుగా వస్తాం."

"అంతకన్నానా!" అన్నాడు పరంధామయ్య, లాలాజలం మింగుతూ.

అక్కణ్నుంచి బుల్లెమ్మ తిన్నగా ఏనుగయ్య దగ్గరికి పోయింది. ఎదురుగా నిలబడి తలెత్తి చూసింది. అంత దగ్గర్నుంచి చూస్తే కొండ కూడా అంత పెద్దగా ఉండదేమో! ఎలాగో ధైర్యం తెచ్చుకుని ఉన్నదంతా చెప్పింది.

ఏనుగయ్య నెమ్మదిగా చెవులు ఊపి, "నా వెనకభాగం గుమ్మానికి ఆనిస్తే సరిపోతుందా?" అన్నాడు.

కచేరీ రోజు పొద్దు వాలింది. నక్కలన్నీ గుహలో నోరూరించుకుంటూ కూర్చున్నాయి. ఉన్నట్టుండి లోపల కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. ఏనుగయ్య గుమ్మానికి బిరడాలా అతుక్కుపోయాడు, మొహం మాత్రం ఇసుక వైపు. ఇసుక మీద అడవి అడవంతా ఉంది. బుల్లెమ్మ వెనక్కి వెళ్లబోతుంటే తొండంతో ఆపి, తన ముంగాలి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

వడ్రంగిపిట్ట దరువు మొదలెట్టింది. కోయిల గొంతెత్తింది.

ఉబ్బింది! ఆ చిన్న గొంతు నిజంగానే ఉబ్బింది. లోపల ఏదో పొంగుతున్నట్టు ఈకలన్నీ లేచి నిలబడ్డాయి. ఇంత పిట్టలోంచి అంత పాటా! ఏనుగయ్య కాలు తొక్కేసరికి బుల్లెమ్మ నేల మీంచి జానెడు పైకి లేచిపడింది. వెనక గుహ ఉన్న కొండ ఆ చప్పుడుని పట్టుకుని ఇసుక మీదకి విసిరింది. చివరి వరసలో ఉన్న తాబేలుకి కూడా తన పక్కనే పాడుతున్నట్టుంది. గంగులు కళ్ల వెంట నీళ్లు కారాయి. సింహాచలం ముళ్లు నిక్కబొడుచుకున్నాయి.

పాట అయ్యాక ఏనుగయ్య పక్కకి తప్పుకున్నాడు. కాలి అదురుకి గుహ కప్పు రాలి నక్కలు మట్టి కొట్టుకుపోయి, తూలుకుంటూ బయటికొచ్చాయి.

"ఎలా ఉంది పరంధామయ్యా కచేరీ?" అని గంగులు అరిచాడు.

"ఆఁ? ఏంటీ?" అన్నాడు పరంధామయ్య, చెవిలో మట్టి దులుపుకుంటూ.

పాట కోసం వచ్చినవాడెవడో, పాట వినేవాళ్ల కోసం వచ్చినవాడెవడో తేల్చుకున్నాకే వాడి గుమ్మం తొక్కాలి.