రెండో వాక్యం చదవని తిప్పేస్వామి

సీమలోని ఒక విశ్వవిద్యాలయంలో తిప్పేస్వామి అనే పరిశోధక విద్యార్థి ఉండేవాడు. వేరుశనగ ఆకుకు పట్టిన తెగులును భూతద్దం పెట్టి మరీ వెతికేవాడు గాని, తన రాతలో తప్పు ఎవరైనా చూపిస్తారంటే మాత్రం వణికిపోయేవాడు.

పని రానివాడు కాదు. నాలుగేళ్ళు ఎండనకా వాననకా పొలాల వెంట తిరిగాడు. మొక్క అడుగున ఉండే ఆకుల మీద మచ్చలు లెక్కపెడితే, తెగులు పై ఆకులకు ఎప్పుడు ఎక్కుతుందో వారం ముందే చెప్పవచ్చని కనిపెట్టాడు. ఆ వారంలో రైతు మందు కొట్టుకుంటే పంట దక్కుతుంది. అతని గైడు వసుంధర మేడం ఎంతో సంతోషించారు. "పేపర్ రాసి మంచి జర్నల్‌కు పంపప్పా" అన్నారు. తిప్పేస్వామి రాశాడు, దిద్దాడు, మళ్ళీ దిద్దాడు. ఇలా అయితే పని కాదని ఏప్రిల్‌లో ఒకరోజు మేడమే ఎదురుగా కూర్చుని, అతను పంపేదాకా కుర్చీలోంచి లేవలేదు.

ఆ పేపర్ మీద అతని బతుకే ఆధారపడి ఉంది. జిల్లాలోని వేరుశనగ పరిశోధన కేంద్రంలో ఒక ఉద్యోగం ఖాళీ అయింది. నవంబరు ఆఖరులోగా దరఖాస్తు పెట్టుకోవాలి. కనీసం ఒక పేపర్‌నైనా ఏదో ఒక జర్నల్ అంగీకరించి ఉండాలి. వయసు ముప్పై రెండు దాటకూడదు. తిప్పేస్వామికి వచ్చే మార్చికి ముప్పై రెండు నిండుతాయి. అంటే ఈ ఏడు పోతే మళ్ళీ లేదు.

ఆగస్టు రెండో వారంలో జర్నల్ నుంచి మెయిల్ వచ్చింది. పేపర్ పంపినవాడు అతనే కాబట్టి మెయిల్ అతనికే వచ్చింది. ల్యాబులో నిలబడి తెరిచాడు. "మీ పేపర్‌ను ఇప్పుడున్న రూపంలో ప్రచురించలేమని తెలియజేయడానికి విచారిస్తున్నాం" అని మొదటి వాక్యం. తిప్పేస్వామి అక్కడే ఆగిపోయాడు. కింద ఇంకా రెండు పేజీలు ఉన్నాయి. అవన్నీ తిట్లే అనుకున్నాడు. 'కాదన్నారని తెలిసింది చాలదా, ఎందుకు కాదన్నారో కూడా చదివి ఏడవాలా?' అనుకుని ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే మేడం అడిగారు. "ఏమప్పా, జర్నల్ వాళ్ళు ఏమన్నా రాసినారా?"

"ఇంకా లేదు మేడం" అన్నాడు తిప్పేస్వామి.

ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలియదు. ముందు మెయిల్ చదవడానికి భయం. ఇప్పుడు చదివితే, అబద్ధమాడానని కూడా ఒప్పుకోవాలి. ఒక భయానికి ఇంకో భయం తోడైంది. సెప్టెంబరులో మేడం మళ్ళీ అడిగారు. మళ్ళీ "లేదు మేడం" అన్నాడు. ఎవరి ఫోను మోగినా తన జేబు తడుముకునేవాడు. జర్నల్ పేరుతో ఇంకో రెండు మెయిళ్ళు వచ్చాయి. పేరు చూడగానే ఫోను బోర్లా పెట్టేసేవాడు. ఒక్కటీ తెరవలేదు. తిండి సయించక సగమైపోయాడు. పాపం అనాలనిపిస్తుంది గాని, చేజేతులా తెచ్చుకున్నదానికి ఎవరేం చేస్తారు?

అదే ల్యాబులో కుళ్ళాయప్ప అనే ఇంకో స్కాలర్ ఉండేవాడు. అతని పేపర్ అప్పటికి నాలుగుసార్లు తిరిగొచ్చింది. జర్నల్‌లో పేపర్లు పరీక్షించే వాళ్ళను రివ్యూయర్లు అంటారు. వాళ్ళు పెట్టిన చీవాట్లన్నీ కుళ్ళాయప్ప క్యాంటీన్‌లో గట్టిగా చదివేవాడు.

"ఇది ఇనురా తిప్పే. ఈ ఇంగ్లీషు అర్థం చేసుకోవడానికి చాలా ఓపిక కావాలంట. నా ఇంగ్లీషే!"

"నీకు సిగ్గుగా లేదా?" అన్నాడు తిప్పేస్వామి.

"యాల సిగ్గు? తప్పు ఉండాదన్నాడు, దిద్దుకుంటా. ఊరికే చెప్తా ఉండాడు కదా" అని కుళ్ళాయప్ప టీ ఊదుకుంటూ తాగాడు. తర్వాత స్నేహితుడి మొహం చూసి, "నీ పేపర్ ఏమాయ?" అన్నాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, తిప్పేస్వామి టీ సగంలో వదిలి లేచిపోయాడు.

నవంబరు వచ్చింది. ఉద్యోగం గడువు దగ్గరపడుతోందని మేడంకు కంగారు పట్టుకుంది. శిష్యుడి కోసం తానే జర్నల్ సంపాదకుడికి రాశారు. మర్నాడే జవాబు వచ్చింది. అది చూసి మేడం తిప్పేస్వామిని గదిలోకి పిలిచారు. ఆమె ముఖం చూడగానే అతనికి సంగతి అర్థమైంది.

"ఆగస్టు పదకొండునే రాసినారంట. రెండుసార్లు గుర్తు కూడా చేసినారంట" అన్నారు మేడం. "ఆ మొదటి మెయిల్ తీయి. నా ముందర చదువు."

తిప్పేస్వామి ఫోను తీసి దాన్ని తెరిచాడు. మొదటి వాక్యం చదివి ఆగిపోయాడు.

"ఆపినావేం? ఆ తర్వాత ఏముంది?"

"అయితే..." అని మొదలుపెట్టి మళ్ళీ ఆగాడు. మేడం కానిమ్మని చెయ్యి ఊపారు. అతను సర్దుకుని చదివాడు. "అయితే, రివ్యూయర్లు ఇద్దరూ మీ పనిని ఎంతో మెచ్చుకున్నారు. వారు అడిగిన మార్పులు చేసి తొంభై రోజుల్లో పంపితే ప్రచురించడానికి మాకు అభ్యంతరం లేదు."

మొదటి రివ్యూయర్ ఒక బొమ్మ కింద పేరు సరిచేయమన్నాడు. రెండో ఆయన, ఈ ఏటి పంటలోనే ఇంకో రెండు పొలాల్లో ఆకుమచ్చలు లెక్కపెట్టి ఆ పట్టిక జతచేయమన్నాడు. అంతే. తిట్టు ఒక్కటీ లేదు. తొంభై రోజులు నిండి అప్పటికి ఐదు రోజులైంది.

"పది రోజుల పని కదప్పా ఇది" అన్నారు మేడం. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నాకు చెప్పింటే నేనే నీ ఎంట పొలానికి వచ్చి లెక్కపెట్టేదాన్ని."

ఆ మాట తిప్పేస్వామికి తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

ఇంకొక్క అవకాశం ఇమ్మని ఆమె సంపాదకుడిని బతిమాలారు. కొత్త పట్టికతో వారంలో పంపగలిగితే తీసుకుంటామని ఆయన మర్యాదగానే రాశాడు. తిప్పేస్వామికి ప్రాణం లేచి వచ్చింది. భూతద్దం, నోటు పుస్తకం పట్టుకుని బస్సెక్కాడు. తనకు తెలిసిన ఊళ్ళో దిగి చేలకు అడ్డంపడి పరుగెత్తాడు.

చేలన్నీ బోడిగా ఉన్నాయి. గట్టు మీద కూర్చున్న రైతు అతన్ని గుర్తుపట్టాడు.

"ఇప్పుడొచ్చినావేం సామీ? చెట్లు పీకి మూడు వారాలాయ."

"ఒక్క చేనైనా మిగల్లేదా పెద్దాయనా? నాకు కాయలొద్దు, ఆకులుంటే చాలు."

"ఆకులు యాడుంటాయి? ఎండినవి ఎండినట్టే ఎనుములకు మేతగా ఏసినాం."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడంటారు. వీడికి పట్టుకోవడానికి ఆకులు కూడా మిగల్లేదు. సాయంత్రం దాకా ఊరూరూ తిరిగి, ఆఖరికి ఒక బస్టాండు బల్ల మీద కూర్చుని ఏడ్చాడు. నవంబరు ఆఖరు వచ్చింది, పోయింది. ఆ ఉద్యోగంలో మరెవరో చేరారు.

మరుసటి ఏడు వానలు పడ్డాక తిప్పేస్వామి మూడు పొలాల్లో మచ్చలు లెక్కపెట్టాడు. కుళ్ళాయప్ప కూడా తోడు వచ్చాడు. పేపర్ మళ్ళీ పంపారు. ఈసారి కూడా జవాబు "విచారిస్తున్నాం" అనే మొదలైంది. తిప్పేస్వామి చెమటలు కక్కుతూనే చివరి చుక్క దాకా చదివాడు. అడిగిన వాటన్నిటికీ ఒక్కొక్కటిగా సమాధానం రాశాడు. జనవరిలో పేపర్‌ను అంగీకరించారు. మేడం ల్యాబులో అందరికీ మైసూర్‌పాకు పంచారు.

అదే నెలలో పరిశోధన కేంద్రం వాళ్ళు మరో ఉద్యోగానికి ప్రకటన ఇచ్చారు. తిప్పేస్వామి దాన్ని కూడా మొదటి నుంచి చివరి దాకా చదివాడు. వయసు ముప్పై రెండు దాటకూడదని అందులో రాసి ఉంది. అతనికి ముప్పై రెండు దాటి అప్పటికి పది నెలలు. ప్రకటనను మడిచి, అప్పుడే ల్యాబులో చేరిన ఇరవై ఐదేళ్ళ అమ్మాయికి ఇచ్చి, "నువ్వు పెట్టుకోమ్మా, నీకు పనికొస్తుంది" అన్నాడు.

నీతి: తప్పు చెప్పినవాడి మాట సగంలో వదిలేసేవాడు, ఆ మాటలోనే ఉన్న మేలును కూడా పోగొట్టుకుంటాడు. విమర్శ ఎంత చేదుగా ఉన్నా చివరి దాకా వినాలి.