కుందలేఖ కుడిపాదం

పూర్వం, కృతయుగం చివరి పాదంలో, శోణనదీ తీరాన ప్రభాసపురమనే నగరాన్ని రాజధానిగా చేసుకొని శ్రుతవ్రతుడనే మహారాజు పరిపాలించేవాడు. ఆయన అరివీరభయంకరుడు, దానశీలుడు, అన్నిటికీ మించి సత్యసంధుడు. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఒక్కసారి కూడా ఆయన నోట అసత్యం వెలువడలేదని వందిమాగధులు ప్రతి ఉదయం పాడేవారు. రోజూ అదే పాట వినీ వినీ, తాను నిజమే చెబుతానన్న నమ్మకం కాస్తా తాను చెప్పిందల్లా నిజమవుతుందన్న నమ్మకంగా మారిపోయింది ఆ మహారాజుకు. ఈ రెండింటికీ మధ్య ఎంత దూరముందో ఆయనకు తెలిసివచ్చిన వైనమే ఈ కథ.

ఆ వంశీయులకు ఒక అగ్నిహోత్రగృహం ఉంది. మూలపురుషుడు అరణి మథించి రగిల్చిన అగ్ని తరతరాలుగా ఆరకుండా అందులో వెలుగుతూ ఉండేది. ఆ గృహద్వారం పక్కన వెండి గొలుసుకు ఒక తెల్లని శంఖం వేలాడుతుండేది. రాజవంశంలో మగబిడ్డ పుడితే దాన్ని ఊదుతారు. ఆడబిడ్డ పుడితే ఎవరూ దాన్ని ముట్టుకోరు; ఊరంతా చెవులు రిక్కించి చాలాసేపు ఎదురుచూసి, ఏమీ వినపడకపోయేసరికి సంగతి గ్రహించి ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోతారు. రాజుగారి మేనత్త ఇరావతీదేవి అలా నిశ్శబ్దంలో పుట్టిన బిడ్డే. బాల్యంలోనే భర్తను పోగొట్టుకొని పుట్టింటికి తిరిగివచ్చి, అంతఃపురానికి పెద్దదిక్కై, ఆ శంఖాన్ని రోజూ చింతపండుతో తోమి తుడిచి పెట్టేది కూడా ఆమే.

శ్రుతవ్రతుడికి, సాధ్వీమణి అయిన ఆయన పట్టమహిషి కుందలేఖకు చాలాకాలం సంతానం కలగలేదు. చివరకు కులగురువైన కృతబోధ మహర్షి ఆదేశం మేరకు ఆ దంపతులు, గర్భస్థ శిశువులకు అవయవాలు తీర్చి రూపం దిద్దే దివ్యశిల్పి అయిన త్వష్టను ఉద్దేశించి ఇష్టి అనే యాగం చేసి, ఉపవాసాలతో కృశించి, ఆ దేవుని అనుగ్రహం సంపాదించుకున్నారు. కుందలేఖ గర్భవతి అయింది. నగరమంతా తోరణాలు కట్టారు.

ఆ నాటినుండి పాపం ఆ ఇల్లాలికి కంటినిండా నిద్ర లేదు.

కారణం బిడ్డ కాదు, చుట్టూ ఉన్న కళ్లు. గర్భిణి లేచేటప్పుడు ఏ చేయి ఆనించింది, నడక మొదలుపెట్టేటప్పుడు ఏ పాదం ముందు వేసింది, ఏ పక్కకు ఒత్తిగిలి పడుకుంది, పులుపు అడిగిందా తీపి అడిగిందా అని గమనించడానికి ఇరావతీదేవి చెలికత్తెలను నియమించింది. కుడివైతే కొడుకు, ఎడమవైతే కూతురు. తీపైతే కొడుకు, పులుపైతే కూతురు. ఇది ఆమె శాస్త్రం. రాజవైద్యుడైన ధన్వపాలుడిది ఇంకొంచెం పెద్ద శాస్త్రం. ఆయన తెల్లవారగానే వచ్చి నాడి చూసి, కుడికన్ను పెద్దదిగా కనిపిస్తున్నదా లేదా అని పరీక్షించి, రాత్రి కలలో ఏమి వచ్చిందమ్మా అని అడిగేవాడు. ఏనుగు వచ్చిందంటే తల పంకించేవాడు. ఏమీ రాలేదంటే ఆయన ముఖం చిన్నబోయేది.

తొలి రోజుల్లో ఒకనాడు కుందలేఖ యథాలాపంగా కుడికాలు ముందు పెట్టి గడప దాటింది. చెలికత్తె పరుగెత్తింది. మధ్యాహ్నానికల్లా ముత్యాల హారం వచ్చింది, మహారాజు స్వయంగా వచ్చి పక్కన కూర్చుని నవ్వుతూ మాట్లాడాడు. మరునాడు ఎడమకాలు ముందు పడింది. ఆ రోజు సాయంత్రం దాకా ఆమెతో ఎవరూ సరిగా మాట్లాడలేదు. ఇరావతీదేవి మాత్రం వచ్చి, "పోనీలే అమ్మాయీ, రేపు సరిగ్గా నడువు" అని తల నిమిరి వెళ్లింది. ఆ నిమరడానికే కుందలేఖకు ఎక్కువ భయం వేసింది.

అది మొదలు ఆ తల్లి తన నడక తాను నడవడం మానేసింది. గడప దగ్గర క్షణం ఆగి, కుడిపాదం ఏదో చూసుకొని, అదే ముందు వేసేది. ఎడమవైపు పడుకుంటే హాయిగా ఉండే ఒళ్లును కుడివైపుకు తిప్పి, నడుము నొప్పి పుడుతున్నా పళ్లు బిగించి పడుకునేది. చింతకాయ పేరు వింటే నోట నీళ్లూరుతున్నా గుటకవేసి పాయసం తెమ్మనేది. రాని ఏనుగులన్నీ ఆమె కలల్లోకి వచ్చినట్టు వైద్యుడికి చెప్పేది. ఎవరినీ మోసగించాలని కాదు. చుట్టూ ఉన్న ముఖాలు వాడిపోతుంటే చూడలేక, భయంతో.

ఇరు శాస్త్రాలూ ఏకమయ్యాయి. గర్భంలో ఉన్నది కుమారుడేనని మేనత్త, అవునని వైద్యుడు నిండుసభలో విన్నవించారు. "అయితే ప్రభూ, శాస్త్రం సూచిస్తుందే తప్ప ప్రమాణం చేయదు" అని ధన్వపాలుడు చివర్లో గొణిగిన మాట మంగళవాద్యాల హోరులో ఎవరికీ వినబడలేదు. ఒక వృద్ధ సామంతుడు మాత్రం లేచి, "మహారాజా, బిడ్డ ఏ బిడ్డైనా మాకు శిరోధార్యమే. పుట్టకముందే నిశ్చయించడం దేనికి?" అన్నాడు.

సత్యసంధుడైన శ్రుతవ్రతుడికి ఆ మాట ములుకులా గుచ్చుకుంది. ఆయన సింహాసనం దిగి, అగ్నిహోత్రగృహంలో ప్రవేశించి, చేతిలోకి జలం తీసుకొని, "నాకు పుట్టబోయేది కుమారుడే. ఇది నేనెరిగిన సత్యం. ఈ మాట తప్పినట్లయితే మా వంశాగ్నిలోనే ఈ దేహాన్ని ఆహుతి చేస్తాను" అని అందరూ వినగా పలికి జలం విడిచాడు.

ఈ వార్తను ఒక చెలికత్తె సంబరంగా మోసుకొచ్చేసరికి కుందలేఖ గడప దాటబోతున్నది. ఎత్తిన కుడికాలు ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలియలేదు. ద్వారబంధం పట్టుకొని అక్కడే నిలబడిపోయింది. తన దొంగ నడకను నమ్మి భర్త ప్రాణం పణంగా పెట్టాడు. రేపు ఆడబిడ్డ పుడితే ఆయనను అగ్నిలోకి తోసింది తానే అవుతుంది. ఆ సాయంకాలం ధైర్యం తెచ్చుకొని, "ఆర్యపుత్రా, నా నడకను అంతగా నమ్మకండి" అని ఆమె మొదలుపెట్టబోతే, ఆయన ప్రేమతో ఆమె నోరు మూసి, "దేవీ, నీ నడకే నాకు ప్రమాణం" అన్నాడు.

నెలలు నిండుతున్నకొద్దీ కడుపు పెరిగినట్టే ఆ భయమూ పెరిగింది. అంతలో సీమంత ముహూర్తం వచ్చింది. వంశాగ్ని వెలిగే అగ్నిహోత్రగృహంలోనే వేడుకకు ఏర్పాటు చేశారు.

సీమంతంలో భర్త ఏదుపంది ముల్లుతో భార్య పాపిట తీర్చి, నెయ్యి నిండుగా పోసిన అన్నపు గిన్నెను ఆమె ముందు పెట్టి, "ఏమి చూస్తున్నావు?" అని అడగాలి. ఆమె అందులోకి చూసి, "సంతానాన్ని చూస్తున్నాను" అనాలి. ఇది ఋషులు పెట్టిన విధి. కానీ ఆనాడు శ్రుతవ్రతుడు, "గురుదేవా, మహారాణి 'కుమారుణ్ణి చూస్తున్నాను' అని పలుకుతుంది" అన్నాడు. కృతబోధ మహర్షి, "రాజా, అగ్ని ఎదుట తెలిసినదే పలకాలి" అన్నాడు. "నేను పలికినదే నాకు తెలిసినది" అన్నాడు రాజు. సామంతులందరూ చూస్తున్నారు. మహర్షి నిట్టూర్చి ఊరుకున్నాడు.

వీణలు ఆగాయి. ముల్లు పాపిటమీదుగా పోయింది. గిన్నె వచ్చింది.

"కల్యాణీ, ఏమి చూస్తున్నావు?"

కుందలేఖ నేతిలోకి చూసింది. అందులో పాలిపోయిన తన ముఖమే ఉంది. ఆమె పెదవులు కదిలాయి గాని శబ్దం రాలేదు. హోమగుండంలో అగ్ని, వినడానికి వంగినట్టు, ఒక్కసారిగా తగ్గింది. "అనమ్మా, ఒక్క మాట! కొడుకును చూస్తున్నానను, అయిపోతుంది" అని వెనకనుంచి ఇరావతీదేవి తొందరపెట్టింది. రాజు మళ్లీ అడిగాడు. అగ్ని ఇంకా తగ్గి, కట్టెల మధ్య ఎర్రగా మాత్రం మిగిలింది.

అప్పుడు ఆ మహాసాధ్వి గిన్నెను నేలమీద పెట్టి, చేతులు జోడించి ఇలా అన్నది: "ఆర్యపుత్రా, సంతానాన్ని చూస్తున్నాను. నా కడుపులో కదులుతున్నది గనుక ఆ మాట అనగలను. కొడుకని అనలేను, అది నాకు తెలియదు. నా కుడిపాదాన్ని ముందుకు నడిపింది బిడ్డ కాదు, నా భయం. నాకు కావలసింది చింతకాయ, అడిగింది పాయసం. ఏనుగులు ఏ రాత్రీ నా కలలోకి రాలేదు. మీరు చూసిన గుర్తులన్నీ మీకోసం నేను వేసిన వేషాలు. తప్పు నాది, శిక్ష నాకు వేయండి. మీ ప్రాణం మీదికి మాత్రం తెచ్చుకోకండి!"

ఇరావతీదేవి తలమీద చెంగు కప్పుకొని కూలబడింది.

"నన్ను చూసి నీకు అంత భయమా?" అన్నాడు రాజు. ప్రమాణం మాట ఎత్తలేదు.

ఆమె తల వంచుకొని, "ఎడమకాలు పెట్టిన రోజున మీరు రాలేదు" అన్నది.

ఆ మాట ముగిసీ ముగియకముందే ఆరిపోబోయిన అగ్ని భగ్గున లేచింది. ఆ జ్వాలల మధ్యనుండి, చేతిలో ఉలి, భుజాన బాడిస ధరించి, సకలరూపకర్త అయిన త్వష్ట ప్రత్యక్షమయ్యాడు. ఆ దేవుని పలుకులు రాజదంపతులకు మాత్రమే వినిపించాయి.

"రాజా, నీ ప్రమాణం నెగ్గించుకునే దారి ఒకటుంది. నీవు కోరితే ఈ గర్భంనుండి కుమారుడే పుడతాడు. ఇప్పుడున్నది కుమారుడైతే సరే. కాకపోతే నేను మలచినదాన్ని చెరిపి మళ్లీ మలుస్తాను. ఇన్నాళ్లూ ఈ తల్లి గుండెచప్పుడు వింటూ పెరిగిన ప్రాణి వెళ్లిపోతుంది, ఆ చోటికి మరొకరు వస్తారు. ఇది ఎవరికీ తెలియదు. నీ ప్రాణమూ దక్కుతుంది, సత్యసంధుడన్న పేరూ దక్కుతుంది. ఏమంటావు?"

ఈ మాట చెవిన పడగానే కుందలేఖ ఎడమచేయి నేలకు ఆనించి లేచి, రెండుచేతులా కడుపును కప్పుకొని, ఎడమపాదం ముందు వేసి అగ్నికి దూరంగా నడిచింది. ఆ క్షణంలో ఆమె గుర్తులు చూసుకోలేదు. శ్రుతవ్రతుడు చూశాడు. పెళ్లినాడు తన వెంట ఏడడుగులు వేసిన నడక అది. ఎన్ని నెలలైందో దాన్ని చూసి! ఆయన కళ్లు నీటితో నిండాయి.

"దేవా, చెరపవద్దు" అన్నాడు. "లోపల ఉన్నది ఎవరైనా మమ్మల్ని నమ్మి వచ్చారు. ఎవరున్నదీ నాకు చెప్పనుకూడా వద్దు. తెలియనిదాన్ని తెలుసునని ఈ అగ్ని ఎదుట పలికాను. పుట్టే బిడ్డ ఎవరైనా సరే, ఆ క్షణానే నా మాట తప్పింది. అందుకు శిక్ష బిడ్డ పుట్టేదాకా ఆగనక్కరలేదు."

అంటూనే ఉత్తరీయం తీసివేసి, ఎవరూ వారించేలోగా గుండంలో కాలు పెట్టాడు. కుందలేఖ కెవ్వున అరిచింది.

అగ్ని రెండుగా చీలి ఆయనకు దారి ఇచ్చింది. ఒక్క వెంట్రుక కమలలేదు.

త్వష్ట చిరునవ్వు నవ్వి, అందరూ వినేటట్లు గంభీరంగా ఇలా పలికాడు: "శ్రుతవ్రతా, బయటికి రా. పరుల ఆవును దానమిస్తే అది దానం కాదు. గర్భంలోని రహస్యం నా సొత్తు. దానిమీద నీవు చేసిన ప్రమాణం ప్రమాణం కాదు. అగ్నిదేవుడు దాన్ని ఆనాడే స్వీకరించలేదు. తెలియదని నీ నోట నీవే ఒప్పుకునేదాకా ఈ సంగతి చెప్పరాదని ఊరుకున్నాడు. ఇక వరం కోరుకో."

రాజు భార్యవైపు తిరిగి, "వరం ఆమె కోరాలి" అన్నాడు.

కుందలేఖ ఆలోచించలేదు. "స్వామీ, గర్భిణి నడకలోనూ నిద్రలోనూ ఆకలిలోనూ బిడ్డ ఎవరో చదివే శక్తి ఎవరికీ లేకుండా చేయండి."

"తథాస్తు. మనుష్యులు చూడటం మానరు, అది నా వశంలో లేదు. అయితే వాళ్లు చూసిన గుర్తులు ఒకసారి నిజమవుతాయి, ఒకసారి తప్పుతాయి. ఏది ఎప్పుడో ఎవరికీ అంతుపట్టదు" అని పలికి ఆ దేవుడు అంతర్ధానమయ్యాడు. నేటికీ మన ఇళ్లల్లో చూడండి, నడక చూసి చెప్పేవారు, ముఖకాంతి చూసి చెప్పేవారు ఎందరో ఉంటారు. ఉన్నవి రెండే జవాబులు గనుక సగం మంది నెగ్గుతారు. నెగ్గినవారు ఆ మాట జీవితాంతం చెప్పుకుంటారు, ఓడినవారు నేనెప్పుడన్నానంటారు. ఇదంతా కుందలేఖ కోరిన వర ప్రసాదమే.

ఆమె ఆ పూటే చింతకాయ పచ్చడి తెప్పించుకొని తృప్తిగా అన్నం తిన్నది.

నెలలు నిండాయి. ఒకనాటి తెల్లవారుజామున నొప్పులు మొదలైనాయి. శ్రుతవ్రతుడు పురిటింటి వాకిట నిలబడలేక కూర్చోలేక, అగ్నిహోత్రగృహం దాకా వెళ్లి మళ్లీ వస్తూ ఉన్నాడు. నగరంలోని వాళ్లంతా వాకిళ్లలోకి వచ్చి చెవులు రిక్కించారు. పొద్దు పొడిచింది. లోపల కుందలేఖ కేకలు పెద్దవై, చటుక్కున ఆగిపోయాయి. ఏ సడీ లేదు. రాజు గోడకు చేరగిలబడ్డాడు.

అప్పుడు బిడ్డ ఏడ్చింది.

ఆ ఏడుపు చెవిన పడటంతోటే ఆయన పరుగున వెళ్లి, వెండి గొలుసునుండి శంఖాన్ని తీసి, గుండెల నిండా గాలి పీల్చి, శోణనది ఆవలి ఒడ్డుకు వినబడేటట్లు ఊదాడు. ఊపిరి అందక ఆగి, మళ్లీ ఊదాడు. అప్పుడుగాని పురిటింటి తలుపు తెరుచుకోలేదు. ఇరావతీదేవి బిడ్డను చేతుల్లో పట్టుకొని వచ్చి, శంఖం పట్టుకున్న మేనల్లుణ్ణి చూసి తెల్లబోయింది.

"అయ్యో నాయనా, తొందరపడ్డావే! ఆడపిల్లరా."

"ఏడ్చింది కదా అత్తా" అన్నాడు శ్రుతవ్రతుడు. "నాకు అది చాలు. కుందలేఖ ఎలా ఉంది?"

"నిద్రపోతోంది, ఎడమపక్కకు తిరిగి" అని, ఆ ముసలితల్లి బిడ్డను గుండెకు అదుముకొని, "నేను పుట్టిననాడు దీన్ని ఎవరూ ముట్టుకోలేదురా" అంటూ భోరున ఏడ్చింది. అది విని ఆయన మూడోసారి శంఖం ఊదాడు, ఈసారి ఆమె కోసం.

ఆ బిడ్డే కాలక్రమాన ప్రభాసపుర సింహాసనం అధిష్ఠించి, ప్రజలను కన్నబిడ్డల్లా పాలించింది. ఆ వంశంలో అటుతర్వాత బిడ్డ ఏడుపు వినగానే శంఖం ఊదడం ఆచారమైంది. వంశాగ్ని మునుపటిలాగే ఆరకుండా వెలిగింది.

ఈ కథను ఏ ఇంట గర్భిణి వినేటట్లు చదువుతారో, ఆ ఇంట ఆ తల్లి తనకు ఏ పక్క హాయిగా ఉంటే ఆ పక్కకు తిరిగి కంటినిండా నిద్రపోతుంది. ఏ పాదం ముందు పడితే ఆ పాదంతోనే గడప దాటుతుంది.