చాపలవాడ పిల్లల ముద్ద

పిల్లలూ, కాస్త దగ్గరికి జరగండి. చాలా కాలం కిందట సిరివరం అనే రాజ్యం ఉండేది. దాన్ని హేమకేతు మహారాజు ఏలేవాడు. అక్కడ పొలాలు ఏడాదికి మూడుసార్లు పండేవి. గాదెలు నిండిపోతే ధాన్యాన్ని ఆరుబయట కుప్పలు పోసేవారు. అయినా కోటగోడ అవతలున్న చాపలవాడలో పిల్లలు ఎదిగేవారు కాదు. కోటలో పిల్లలు మాత్రం ఏపుగా పెరిగేవారు, వాళ్లకు జ్వరమంటే ఏమిటో తెలియదు. అదంతా పుట్టుకతో వచ్చిన రాత అనుకునేవారు జనం.

రాజుకు ముగ్గురు కొడుకులు. చిన్నవాడు సుకేతుడు. ఒకరోజు చాపలవాడ నుంచి రేల అనే అమ్మాయి తమ్ముణ్ణి వెంటబెట్టుకుని కోటకు చాపలు తెచ్చింది.

"మీ తమ్ముడికి మూడేళ్లుంటాయా?" అని అడిగాడు సుకేతుడు.

"తొమ్మిది నిండాయి."

"మీ అమ్మ అన్నం పెట్టదా?"

రేల నెత్తిమీది మోపు కిందికి దించింది. "పెడుతుంది, యువరాజా. ఉన్న జొన్నకూడు ముందు వాడికే పెడుతుంది. తిన్నది వాడి ఒంటికి పట్టదు. ఎవరి ఒంటికి పడుతోందో మీ ఇంట్లో అడగండి."

భటుడు కొరడా ఎత్తాడు. సుకేతుడు వాడి చెయ్యి పట్టుకుని ఆపాడు. తిన్నగా తండ్రి దగ్గరికి వెళ్లి అడిగాడు.

రాజు మిగతా ఇద్దరు కొడుకుల్నీ పిలిపించాడు. అందరూ కూర్చున్నాక చెప్పాడు. "నాయనా, ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడున్నాడు. మా తాత వాడితో ఒప్పందం చేసుకున్నాడు. చాపలవాడ పిల్లలు తినే ప్రతి ముద్దలో బలం సగం వాడికి, సగం మన వంశానికి. నువ్వు అంత పెద్ద విల్లు వంచేది ఆ బలంతోనే. ఇది మనం చేసిన తప్పు కాదు. మనకు వచ్చిన ఆస్తి."

"వచ్చిన ఆస్తిని ఎవడైనా వద్దంటాడా?" అన్నాడు పెద్దకొడుకు.

"మనసు ఒప్పకపోతే పండక్కి నాలుగు బస్తాలు పంపుదాం," అన్నాడు నడిమివాడు.

"ఆ ఒప్పందం నేను తెంపుతాను," అన్నాడు సుకేతుడు.

కోట గుమ్మం దగ్గర సుకేతుడు చెప్పిన సంగతంతా విని, రేల తానూ వస్తానంది.

"దారి కష్టం. నేను వెళ్లి మీది మీకు తెచ్చిస్తాను."

"మీరు తెచ్చి పెడితే అది దానమవుతుంది. పోయింది మా కూడు. మేమే వెళ్లి తెచ్చుకుంటాం," అంది రేల.

ఇద్దరూ బయలుదేరారు. దారిలో వాగు పొంగి చీమలపుట్ట మునిగిపోతోంది. రేల గబగబా తుంగతో చిన్న చాప అల్లి నీళ్లమీద వేసింది. చీమలన్నీ దానిమీదికెక్కి బతికాయి. "అమ్మాయీ, మమ్మల్నీ వెంట తీసుకుపో. ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తాం," అన్నాయి. రేల ఆ చాపతోనే వాటిని వెంట తీసుకుంది. సముద్రపు ఒడ్డున ముసలి తాబేలు వలలో చిక్కుకుని ఉంది. సుకేతుడు వల కోశాడు. తాబేలు వాళ్లను వీపుమీద ఎక్కించుకుంది. ఒక సముద్రం దాటారు, ఇంకో సముద్రం దాటారు, అలా దాటుకుంటూ ఏడో సముద్రమూ దాటారు.

దారిలో తాబేలు రహస్యం చెప్పింది. "కరాళుడి ప్రాణం పంజరంలోని చిలుకలో ఉంది. రోజూ పొద్దున దానికి దానిమ్మగింజలు మేపుతాడు. అవి గింజలు కావు, మీ పిల్లల బలం. ఒక్క పూట చిలుక మేత మానేస్తే వాడు బతకడు."

తెల్లారేసరికి మాంత్రికుడి ఇల్లు చేరారు. సుకేతుడు ధైర్యంగా తలుపు తట్టాడు. "నేను హేమకేతు మహారాజు కొడుకుని. ముత్తాతల నాటి ఆస్తి చూసుకోవడానికి వచ్చాను. ఈమె నా దాసి."

కరాళుడు మురిసిపోయి చిలుకనూ, దాని ముందున్న బంగారు గిన్నెనూ చూపించాడు.

"ఒప్పందం ఇక నా పేర రాయాలి. ఇంత గొప్ప వంశంతో ఒప్పందానికి ఈ మాసిన పంచెతోనే కూర్చుంటారా?" అన్నాడు సుకేతుడు. మాంత్రికుడు సిగ్గుపడి పట్టుబట్టలు కట్టుకోవడానికి లోపలికి వెళ్లాడు.

రేల పంజరం ముందు కూర్చుంది. "చిలకమ్మా, నువ్వు తినేది ఎవరి కూడో తెలుసా?"

"తెలియదు. పెడతాడు, తింటాను. ఎవరూ చెప్పలేదు," అంది చిలుక.

"ఈ గింజ మా తమ్ముడిది. ఇది పక్కింటి పోలిది. ఆ పిల్లను నేను బయలుదేరే ముందే మట్టిలో పెట్టి వచ్చాం. దాని వాటా కూడా నీ గిన్నెలోనే ఉంది."

చిలుక కళ్లు మూసుకుంది. "ఇక నేను ముట్టను."

ఈలోగా రేల తెచ్చిన చాపలోంచి చీమలు బారులుతీరి వచ్చి గిన్నెలో గింజలన్నీ మోసుకుపోయాయి. ఒక్కటి మిగల్లేదు.

కరాళుడు వచ్చి చూశాడు. అప్పటికే వాడి బలం జారిపోతోంది. "ఒక్క గింజ తెచ్చిపెడతాను, తినవే," అని చిలుకను బతిమాలాడు. చిలుక ముక్కు తెరవలేదు. వాడు రేలవైపు తిరిగాడు. "పిల్లా, దాన్ని తినమను. నిన్నూ నీ తమ్ముణ్ణీ కోటలో పిల్లల్లా పెంచుతాను."

"మరి మిగతా పిల్లలో?"

"వాళ్లతో నీకేం పని?"

"వాళ్లు లేకుండా నేను రాను," అంది రేల.

వాడు గోడకు జారగిలబడి సుకేతుడికి చెప్పాడు. "నేను పోతే నీ ఒంట్లో బలమూ పోతుంది. అందరిలాంటి మనిషివైపోతావు."

సుకేతుడికి భయం వేసింది. ఆ భయంతోనే చెప్పాడు. "అందరిలాగే బతుకుతాను."

కరాళుడు బూడిదయ్యాడు. రేల పంజరం తలుపు తీసింది. చిలుక ఎగిరిపోయింది. సుకేతుడు బలం చాలక కూలబడితే, రేల అతణ్ణి భుజంమీద ఆన్చుకుని తాబేలు దగ్గరికి నడిపించింది.

వాళ్లు సిరివరం చేరేసరికి వాడలో పిల్లల ఒళ్లు తేరుకుంటోంది గానీ కడుపునిండా కూడు లేదు. రేల వాడంతటినీ వెంటబెట్టుకుని గాదెల దగ్గరికి వచ్చింది. చిక్కిపోయిన రాజు మెట్లమీద నిలబడి అడిగాడు. "మాంత్రికుడు పోయాడు కదా, ఇంకేం కావాలి?"

"ఒప్పందం పోయింది. దానితో మూడు తరాలు పోగేసింది ఇక్కడే ఉంది. అడుక్కోవడానికి రాలేదు, తలుపు తియ్యండి."

"పొడవండి," అని అరిచాడు పెద్దకొడుకు. భటుల్లో చాలామందిది చాపలవాడే, వాళ్ల పిల్లలు కూడా ఆ గుంపులోనే ఉన్నారు. భటులు ఈటెలు కింద పెట్టేశారు. సుకేతుడు వెళ్లి రేల పక్కన నిలబడ్డాడు. రాజు తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు, తరవాత కిరీటం తీసి సుకేతుడికిచ్చాడు.

రేలకూ సుకేతుడికీ పెళ్లయింది. పెళ్లికి ముందు ఆమె ఒక్కటే అడిగింది, కోటలో వేరే వంటిల్లు ఉండకూడదని. జుట్టు నెరిసేదాకా ఇద్దరూ చల్లగా ఏలారు. వాళ్ల బిడ్డలూ వాడ పిల్లలతో కలిసే తిన్నారు.

ఒకసారి సుకేతుడి పెద్దన్న తన కొడుకుని తీసుకుని భోజనానికి వచ్చాడు. "వీడు పెద్ద వంశంవాడు, విడిగా వడ్డించమ్మా," అన్నాడు.

రేల గరిటె పట్టుకునే చెప్పింది. "బంతిలో చోటుంది బావగారూ, కూర్చోమనండి."